విశాఖలో గోల్ఫ్ గ్రీన్‌ను ఏడాది పొడవునా కాపాడుకోవడం ఎలా?

గ్రీన్ అంటే గోల్ఫ్ మైదానంలో బంతి పడాల్సిన రంధ్రం చుట్టూ చాలా పొట్టిగా కోసి ఉంచే గడ్డి మడి. గోల్ఫ్ మైదానాల పోషణ గురించి ఇంగ్లీషులో దొరికే పుస్తకాల్లో చాలావాటికి చలిదేశాల ఋతువులే ఆధారం. వాటి ప్రకారం పని వసంతంలో మొదలై మంచు కురిసే నాటికి ముగుస్తుంది. విశాఖపట్నంలో గడ్డి ఏ నెలలోనూ పూర్తిగా నిద్రపోదు. ఇక్కడ గడ్డిని దెబ్బతీసేది చలి కాదు, వేళ్ల దగ్గర నిలిచిపోయే నీరు. జూన్‌లో నైరుతి ఋతుపవనాలతో మొదలైన వానను ఈశాన్య ఋతుపవనాలూ బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలూ కలిసి నవంబరు దాకా లాక్కొస్తాయి. అక్టోబరు ఏడాదిలో ఎక్కువ వాన కురిసే నెలల్లో ఒకటి. ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో పనిచేసేవారికైనా, నగర శివార్లలో చిన్న ప్రాక్టీస్ గ్రీన్ వేసుకున్నవారికైనా ఈ లెక్క ఒకటే: వాన రాకముందే నేలలోకి గాలీ నీరూ దిగే దారిని తెరిచి పెట్టాలి. వాన మొదలయ్యాక చేసేదంతా ఆ పనిని కాపాడుకోవడమే.

పని మొదలుపెట్టే ముందు చూడవలసినవి

మీ గ్రీన్ మీద ఉన్న గడ్డి ఏదో ముందు తెలుసుకోండి. మన పొలం గట్ల మీద పెరిగే గరికే గోల్ఫ్ వాళ్లు చెప్పే బెర్ముడా. గ్రీన్ల మీద వాడేవి దాని సంకర రకాలు: టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్ ఈగిల్ వంటివి. ఇవి మొలకెత్తే విత్తనం ఇవ్వవు కాబట్టి తీగ ముక్కలతోనే నాటాలి. అందువల్ల గ్రీన్ మీద ఎక్కడైనా గడ్డి చచ్చిపోతే పూడ్చుకోవడానికి అదే రకంతో ఒక నర్సరీ మడిని మైదానంలోనే పెంచుకోవడం తప్పనిసరి. బయట నుంచి తెచ్చిన లాన్ పలకలను గ్రీన్ మీద అతికిస్తే రంగు, ఆకు వెడల్పు, పెరిగే వేగం అన్నీ వేరుగా ఉండి ఆ మచ్చ ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్న చోట బెర్ముడాతో పెనుగులాడేకన్నా, ఉప్పును బాగా తట్టుకునే పాస్పాలమ్ గడ్డికి మారడం మంచిది.

గ్రీన్ నేల పరిస్థితిని పైనుంచి చూసి చెప్పలేము. కప్ (బంతి పడే రంధ్రం) స్థానం మార్చేటప్పుడు కట్టర్‌తో పైకి వచ్చే మట్టి దిమ్మె ఉంటుంది కదా, దాన్ని వెంటనే పాత రంధ్రంలో పెట్టేయకుండా ఒక నిమిషం చేతిలో పట్టుకుని చూడండి. 108 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ దిమ్మె పక్క గోడ మీద గ్రీన్ చరిత్ర అంతా కనిపిస్తుంది. పైన గోధుమరంగులో స్పాంజిలా నొక్కుకుపోయే పొర ఉంటే అది కుళ్లకుండా పేరుకున్న గడ్డి వేళ్లు, కాడల పీచు. దాన్నే థాచ్ అంటారు. అది 12 మిల్లీమీటర్లు దాటితే నీటిని పట్టి ఉంచి తెగుళ్లకు చోటిస్తుంది. దాని కింద వేళ్లు తెల్లగా, దిమ్మె అడుగు దాకా దిగి ఉండాలి. మధ్యలో సన్నని ఎర్రటి గీత కనిపిస్తే, ఎప్పుడో కొండవాలు నుంచి కొట్టుకొచ్చిన బురద ఇసుక మీద పూతలా ఆరిపోయిందని అర్థం. ఆ గీత కాగితమంత పలచగా ఉన్నా నీరు దాని మీదే ఆగిపోతుంది. నల్లటి పట్టీ కనిపించి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ఆ పొరలో గాలి పూర్తిగా అయిపోయినట్టే. నెలకు ఒకసారి ప్రతి గ్రీన్ మీదా ఈ పరీక్ష చేసి, తేదీ వేసి ఫొటో తీసి ఉంచండి. మరే ఖరీదైన పరికరమూ ఇంత సూటిగా చెప్పదు.

ఫిబ్రవరి చివర నుంచి మే దాకా: నేలను తెరవడం

రాత్రి వేడి 20 డిగ్రీలు దాటి, గడ్డి మళ్లీ చురుగ్గా పాకడం మొదలుపెట్టాక బోలు గొట్టాల ఏరేషన్, అంటే గొట్టాలతో మట్టి కడ్డీలను తీసి నేలకు రంధ్రాలు చేసే పని, చేయాలి. విశాఖలో అది సాధారణంగా ఫిబ్రవరి చివరివారం నుంచి మార్చి మధ్య వరకు. రెండోసారి మే నెలాఖరున, మృగశిర కార్తెకు కనీసం పది రోజుల ముందు ముగించాలి. రంధ్రాలు పూడకముందే పెద్దవాన పడితే కొట్టుకొచ్చిన మట్టి వాటిలోకి దిగి మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ఆ పని క్రమం ఇది. ముందు రోజు సాయంత్రం గ్రీన్‌కు తేలికగా నీరు పెట్టండి, నేల తడిగా ఉండాలి గాని బురదగా ఉండకూడదు. 12 మిల్లీమీటర్ల గొట్టాలతో, 50 మిల్లీమీటర్ల ఎడంతో, 75 మిల్లీమీటర్లకు తగ్గని లోతున రంధ్రాలు చేయండి. ఈ కొలతతో చదరపు మీటరుకు 400 రంధ్రాలు పడతాయి, గ్రీన్ ఉపరితలంలో సుమారు నాలుగున్నర శాతం బయటికి వస్తుంది. బయటపడిన మట్టి కడ్డీలను అక్కడే నలిపి మళ్లీ లోపలికి తోసేయవద్దు. మీరు తీసేయాలనుకున్న పీచూ ఎర్రమట్టీ వాటిలోనే ఉన్నాయి. పారలతో ఎత్తి, బండిలో వేసి బయటికి పంపించండి. తరువాత ఎండిన ఇసుకను పరచి, గట్టి చీపుర్లతో లేదా లాగుడు చాపతో అటూ ఇటూ తిప్పుతూ రంధ్రాలు అంచు దాకా నిండేటట్టు చేయండి. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు రంధ్రాలు నింపడానికే సుమారు 1.7 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది, పైపూతకు మరో అర ఘనపు మీటరు కావాలి. ఇసుక చాలక సగం నిండిన రంధ్రాలను వదిలేస్తే వాటి అంచులు లోపలికి కూలి ఉపరితలం గుంటలు పడుతుంది, కాబట్టి ఇసుక కుప్ప చేతికి వచ్చాకే యంత్రాన్ని బయటికి తీయండి.

ఇసుక విషయంలో రాజీపడవద్దు. సముద్రం చేతికందేంత దగ్గరలో ఉందని తీరపు ఇసుక తేవాలని సలహా ఇచ్చేవారు ఉంటారు. తీరంలో ఇసుక తవ్వడం తీరప్రాంత నియంత్రణ నిబంధనలకు విరుద్ధం. అదీగాక అందులో ఉప్పు, గవ్వల సున్నం ఉంటాయి, రేణువులు కూడా ఒకేలా మరీ సన్నగా ఉంటాయి. కడిగి జల్లెడ పట్టిన నది ఇసుకే కావాలి. రేణువుల్లో ఎక్కువ భాగం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. లారీ దించే ముందే ఒక గాజు సీసాలో మూడోవంతు ఇసుక, మిగతా నీరు పోసి బాగా కుదిపి నిలబెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది. గంట తరువాత కూడా నీరు ఎర్రగానే ఉండి, మర్నాటికి ఇసుక మీద మెత్తటి మట్టి పొర స్పష్టంగా ఏర్పడితే ఆ లారీని వెనక్కి పంపండి. డ్రైవరు ఎంత బతిమాలినా సరే, ఆ ఒక్క లారీ మీ గ్రీన్ లోపల తీసేయలేని పొరను వేసి పోతుంది.

ఏరేషన్ అయిన గ్రీన్ రెండు మూడు వారాల్లో పూడుకుంటుంది. ఆ తరువాత వేసవి అంతా రెండు వారాలకు ఒకసారి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మందాన ఇసుక పూత వేస్తూ, దానికి ముందు వెర్టికట్ యంత్రంతో తీగలను పైపైన నిలువుగా కోస్తూ ఉంటే థాచ్ పెరగదు.

ఎరువును కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వండి. వారానికి చదరపు మీటరుకు అర గ్రాము నత్రజని చాలు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి 500 చదరపు మీటర్లకు సుమారు 540 గ్రాముల యూరియాను నీటిలో కరిగించి పిచికారీ చేసి, వెంటనే తేలికపాటి తడితో ఆకుల మీద నుంచి కడగాలి. మే నెలలో నత్రజనిని పెంచకుండా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఇవ్వడం వల్ల వానల ఒత్తిడికి గడ్డి సిద్ధంగా ఉంటుంది. టోర్నమెంటు ముందు పచ్చదనం కోసం యూరియా గుప్పించే అలవాటు చాలా చోట్ల ఉంది. రంగే కావాలంటే ఫెర్రస్ సల్ఫేట్‌ను పలచగా పిచికారీ చేయండి, ఆకు పొడవు పెరగకుండానే ముదురు పచ్చగా మారుతుంది. అయితే సిమెంటు బాటల మీద పడితే తుప్పు మరకలు పడతాయని గుర్తుంచుకోండి.

నీరు

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. రోహిణి కార్తె ఎండల్లో, సముద్రపు గాలి కూడా తోడైనప్పుడు, గడ్డి రోజుకు సుమారు 6 మిల్లీమీటర్ల నీరు వాడుకుంటుంది. అంటే 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు 3,000 లీటర్లు. మీ స్ప్రింక్లర్లు నిజంగా అంత ఇస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి, నిలువు అంచులున్న ఒకే కొలత స్టీలు గ్లాసులు గ్రీన్ మీద అక్కడక్కడా పెట్టి పదిహేను నిమిషాలు నీరు వదలండి. గ్లాసుల్లో చేరిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే ఏ మూల ఎండిపోతోందో, ఏ మూల మడుగవుతోందో తేలిపోతుంది. నాజిల్ మార్చడంతో సరిపోయే లోపానికి మొత్తం గ్రీన్‌కు ఎక్కువ నీరు పెట్టి సరిదిద్దుకుంటున్న మైదానాలే ఎక్కువ.

తెల్లవారుజామున, లోతుగా దిగేటట్టు నీరు పెట్టండి. సాయంత్రం పెడితే రాత్రంతా ఆకు తడిగా ఉంటుంది, ఇక్కడి గాలిలో తేమకు అది తెగులును పిలిచినట్టే. మధ్యాహ్నం ఆకులు నీలిబూడిద రంగుకు తిరిగి, అడుగు వేస్తే పాదం ముద్ర అలాగే నిలిచిపోతుంటే, ఆ చోటుకు మాత్రం పైపుతో రెండు నిమిషాలు తుంపర కొట్టండి.

శుద్ధి చేసిన మురుగునీరు గానీ, తీరానికి దగ్గరి బోరు నీరు గానీ వాడుతుంటే వేసవిలో నెలకోసారి విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పు ఎంతుందో తెలిపే కొలత) చూడాలి. మీటరుకు 0.7 డెసీసైమన్ల లోపు ఉంటే నిశ్చింత, 3 దాటితే ప్రమాదం. మధ్యలో ఉంటే అప్పుడప్పుడూ అవసరానికి మించి నీరు పెట్టి ఉప్పును వేళ్ల కిందికి దింపాలి. సోడియం ఎక్కువని పరీక్షలో వస్తే జిప్సం వేసి ఆ తరువాత కడగాలి. డ్రైనేజీ లేని గ్రీన్‌లో మాత్రం ఈ కడుగుడు పనికిరాదు, దిగిన ఉప్పు ఎండ రాగానే మళ్లీ పైకి వస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా: కోత ఎత్తు, తెగుళ్లు, కలుపు

వానలు మొదలయ్యాక ఆటగాళ్లకు నచ్చినా నచ్చకపోయినా కోత ఎత్తును పెంచండి. వేసవిలో టిఫ్ ఈగిల్‌ను మూడున్నర మిల్లీమీటర్ల వద్ద కోస్తుంటే ఇప్పుడు నాలుగుకో నాలుగున్నరకో తీసుకురావాలి. మబ్బు పట్టిన రోజుల్లో వెలుతురు తక్కువ, ఉన్న కాస్త వెలుతురును పట్టుకోవడానికి గడ్డికి ఆకు కావాలి. బంతి వేగం కొంత తగ్గుతుంది నిజమే. బంతి గ్రీన్ మీద ఎంత దూరం దొర్లుతుందో కొలిచే స్టింప్‌మీటర్ మీద తొమ్మిది అడుగులు వచ్చే చోట ఎనిమిది వస్తుంది. సెప్టెంబరులో గడ్డి బతికి ఉండడం ముఖ్యమనుకుంటే ఈ ఒక్క అడుగు పెద్ద లెక్క కాదు, ఆ సంగతిని క్లబ్ కమిటీకి జూన్‌లోనే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

రీల్ మోవర్ (తిరిగే బ్లేడ్లతో గడ్డి కోసే యంత్రం) కత్తి పదునుగా ఉందో లేదో రోజూ ఉదయం వార్తాపత్రిక ముక్కతో చూడాలి. ముక్కను బ్లేడుకూ అడుగు కత్తికీ మధ్య పెట్టి రీలును చేత్తో నెమ్మదిగా తిప్పండి, వేళ్లకు మాత్రం గట్టి తొడుగులు వేసుకోండి. కాగితం ఒక చివర నుంచి రెండో చివర దాకా ఎక్కడైనా శుభ్రంగా తెగాలి. మడతపడినా చిరిగినా గడ్డి కూడా అలాగే చిరుగుతుంది, చిరిగిన చివర నుంచే శిలీంధ్రం లోపలికి వెళుతుంది. నేల మెత్తగా ఉండి చక్రం ముద్ర పడుతుంటే ఆ రోజు కోయవద్దు. రెండు రోజులు ఆగాక కోసేటప్పుడు ఒకేసారి పాత ఎత్తుకు దించకుండా, ఆకు పొడవులో మూడోవంతుకు మించి తీయకుండా కోయాలి.

ఈ నాలుగు నెలల్లో అందరికన్నా ముందు గ్రీన్ మీదికి వెళ్లేవారు మీరే కావాలి. పిథియం తెగులు సోకిన చోట తెల్లవారుజామున మంచు తడిలో గడ్డి నూనె పూసినట్టు జిగటగా, నేలకు అంటుకుపోయి ఉంటుంది; దాని మీద దూదిలాంటి తెల్లని పోగులు కనిపిస్తాయి. ఎనిమిది గంటల ఎండకు ఆ పోగులు మాయమవుతాయి, మధ్యాహ్నం చూసేవారికి అక్కడ గడ్డి ఎందుకు పడిపోయిందో అర్థం కాదు. ఇది నీటి వెంట, మోవర్ చక్రాల వెంట పాకుతుంది కాబట్టి ఆ గ్రీన్‌ను చివరగా కోసి యంత్రాన్ని కడగండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు దీనికి పనిచేస్తుంది. మోతాదు లేబుల్ మీద ఉన్నంతే వాడి, ప్రతిసారీ అదే మందు కొట్టకుండా మార్చి వాడాలి. రూపాయి బిళ్లంత గడ్డిరంగు మచ్చలు కనిపిస్తే అది డాలర్ స్పాట్, సాధారణంగా నత్రజని తక్కువైన గ్రీన్ల మీద వస్తుంది. ముందు ఎరువు సరిచేయండి, ఆ తరువాతే మందు. పొడవాటి వెదురు గడతో మంచును దులిపేయడం ఈ రెండు తెగుళ్లనూ గణనీయంగా తగ్గిస్తుంది, ఖర్చు కూడా లేదు.

కొంగలు, గోరింకలు ఒకే చోట గుంపుగా చేరి పొడుస్తుంటే నేలలో పురుగు ఉందని అనుమానించండి. ఎనిమిది లీటర్ల నీటిలో 30 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే ద్రవం కలిపి ఒక చదరపు మీటరు మీద పోస్తే పది నిమిషాల్లో లద్దె పురుగులు, నేలను తవ్వే కీచురాళ్లు (మోల్ క్రికెట్లు) పైకి వస్తాయి. వాటిని లెక్కపెట్టాకే మందు గురించి ఆలోచించండి. లద్దె పురుగు రాత్రిపూట మేస్తుంది కాబట్టి పిచికారీ సాయంత్రమే చేయాలి.

కలుపులో అసలు శత్రువు తుంగ. చేత్తో లాగితే పైమొక్క వస్తుంది, గొలుసులా అల్లుకున్న దుంపలు లోపలే మిగిలి ఒకటికి నాలుగు మొలుస్తాయి. గ్రీన్ మీద బొరిగెతో దుంపతో సహా తవ్వి తీయించండి, ఫెయిర్‌వే (గ్రీన్‌కు దారితీసే కోసిన గడ్డి బాట) మీద గడ్డిని వదిలి తుంగను చంపే హాలోసల్ఫ్యూరాన్ వంటి మందును వ్యవసాయ అధికారి సలహాతో వాడండి. అత్తిపత్తి, వయ్యారిభామ రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పొడవుగా వదిలే గడ్డిలో) పూత పూయకముందే తీసేస్తే సరిపోతుంది.

అక్టోబరు, నవంబరు: తుఫాను కోసం సిద్ధం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటినప్పుడు నగరమంతటా చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు లేకుండా పోయింది. ఆ అనుభవం ఉన్న ఊరిలో మైదానం చూసేవారు సెప్టెంబరు ముగిసేలోపే కొన్ని పనులు చేసి ఉంచాలి: కొండవైపు మళ్లింపు కాలువల్లో పూడిక తీయించడం, గ్రీన్ల డ్రైనేజీ గొట్టాల చివర్లు తెరిచి ఉన్నాయో చూడడం, ఎండిన కొమ్మలు కొట్టించడం, మోటారు నడపగల జనరేటరుకు డీజిలు సిద్ధం చేయడం. వాయుగుండం హెచ్చరిక రాగానే గుళికల ఎరువులు, మందులు ఆపేయండి. అవి వాన నీటితో చెరువుల్లోకి పోవడం మీ డబ్బుకే కాదు, ఆ నీరు తాగే వారికీ నష్టం. జెండా కర్రలు, బల్లలు, గొడుగులు లోపల పెట్టించండి.

తుఫాను దాటాక ముందు మనుషుల భద్రత చూసుకోండి. తెగిన తీగలు, వేలాడే కొమ్మల కిందికి ఎవరినీ పంపవద్దు. ఆ తరువాత గ్రీన్ల మీది నీటిని రబ్బరు తోపుడు కర్రలతో బయటికి నెట్టాలి, ఎందుకంటే తుఫాను మరునాడు ఎండ తీవ్రంగా కాస్తే నిలిచిన నీరు వేడెక్కి గంటల్లోనే గడ్డిని ఉడికించేస్తుంది. కొమ్మలు, ఆకులు చేతులతోనే ఏరించండి, ట్రాక్టరు గ్రీన్ దగ్గరికి రాకూడదు. కొట్టుకొచ్చిన ఎర్రబురద ఉంటే తడిగా ఉండగానే పారలతో గీకి నీటితో కడిగేయాలి, ఆరనిస్తే ముందు చెప్పిన ఎర్రగీత అక్కడే పుడుతుంది. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు ఆకుల మీద నిలిచి ఉంటుంది కాబట్టి, గాలి ఎక్కువై వాన తక్కువైన తుఫాను అయితే మంచినీటితో గ్రీన్లన్నీ కడగండి. బంకర్లు (ఇసుక గుంటలు), ఫెయిర్‌వేలు ఆ తరువాత. నేల గట్టిపడ్డాక సన్నని నిండు సూదులతో రంధ్రాలు చేసి గాలి అందిస్తే వేళ్లు త్వరగా తేరుకుంటాయి.

డిసెంబరు, జనవరి

గడ్డి పెరుగుదల మందగిస్తుంది, ఆట మాత్రం ఎక్కువవుతుంది. కప్‌ను రోజూ మార్చండి, నత్రజనిని సగానికి తగ్గించండి, నీటిని అవసరం చూసి పెట్టండి, లోతైన వెర్టికట్ జోలికి పోవద్దు. బంతి వేగం కావాలంటే కోతను దించకుండా రోలరు వాడండి. ఉత్తరాదిలో చలికాలానికి రై గడ్డి విత్తనం చల్లుతారని చూసి ఇక్కడ కూడా చల్లమనేవారున్నారు. విశాఖలో బెర్ముడా రంగు కోల్పోయేంత చలి ఉండదు, పైగా ఆ రై గడ్డి ఫిబ్రవరిలో బెర్ముడా లేచే సమయానికి వెలుతురుకు అడ్డుపడుతుంది. గ్రీన్‌కు తూర్పున ఉన్న సరుగుడు, జీడి కొమ్మలు ఉదయపు ఎండను ఆపుతుంటే ఈ నెలల్లోనే కొట్టించండి.

సంక్రాంతి దాటగానే మోవర్ల రీళ్లు, అడుగు కత్తులు సాన పట్టించి, ప్రతి గ్రీన్ నుంచి పది సెంటీమీటర్ల లోతు మట్టి నమూనాలు పరీక్షకు పంపండి. ఇసుక సరఫరాదారుకు రెండు ఏరేషన్లకూ సరిపడా ఇప్పుడే చెప్పి, సీసా పరీక్ష నెగ్గిన కుప్పను పైకప్పున్న చోట పోయించి టార్పాలిన్ కప్పించండి. వానల్లో నదులు పొంగాక శుభ్రమైన ఇసుక దొరకదు.